వ్యాఖ్య (కంప్యూటరు ప్రోగ్రామింగు)

కంప్యూటరు ప్రోగ్రామింగులో వ్యాఖ్య అనగా ఒక ప్రోగ్రాము యొక్క సోర్సు కోడులో, మనుషులు చదువుకోవడం కొరకు మాత్రమే వ్రాసే వివరణ. వాడుకలో దీనిని కామెంటు అంటారు. కంపైలరు, ఇంటర్‌ప్రెటరు వంటి అనువాదక ప్రోగ్రాములు వ్యాఖ్యలను విడిచిపెట్టి మిగిలిన కోడును మాత్రమే యంత్రానికి అందిస్తాయి. అందువలన వ్యాఖ్యలను తీసివేసినా, మార్చినా, తప్పుగా వ్రాసినా సాధారణంగా ప్రోగ్రాము పనిచేసే తీరు మారదు. వ్యాఖ్యలోని తప్పును యంత్రం పట్టుకోలేదు. దానిని సరిగా ఉంచే బాధ్యత పూర్తిగా వ్రాసేవారిదే.

ప్రోగ్రాము ఏమి చేస్తుందో కోడు చెబుతుంది. అలాగే ఎందుకు చేయవలసి వచ్చింది, ఏ షరతులకు లోబడి అది సరైనది, ఏ మార్గాన్ని పరిశీలించి వదిలివేశారు అన్న విషయాలను కోడు చెప్పలేదు. ఈ లోటును పూరించేదే ఉపయోగకరమైన వ్యాఖ్య.

పేరు, అర్థం

వ్యాఖ్య, వ్యాఖ్యానం, టీక అనే మాటలు భారతీయ సాహిత్యంలో ఎంతో కాలంగా ఉన్నవి. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు వ్రాసిన కోలాచల మల్లినాథ సూరి నేటి తెలంగాణలోని మెదక్ ప్రాంతానికి చెందినవాడు. ఆధారం లేనిదేదీ వ్రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ఆయన తన వ్యాఖ్యానారంభంలో నియమం పెట్టుకొన్నాడు. ఈ రెండు నియమాలు సోర్సు కోడులోని వ్యాఖ్యలకు కూడా సరిగ్గా వర్తిస్తాయి.

తెలుగు పాఠ్యపుస్తకాలలో పద్యానికి ప్రతిపదార్థం, తాత్పర్యం అని రెండు రకాల వివరణలు ఉంటాయి. ప్రతిపదార్థం ఒక్కొక్క మాటకు అర్థం చెబుతుంది. తాత్పర్యం పద్యం యొక్క ఉద్దేశాన్ని చెబుతుంది. ప్రోగ్రామింగు భాష తెలిసినవారికి కోడు యొక్క ప్రతిపదార్థం అవసరం ఉండదు. వారికి కావలసినది తాత్పర్యం.

చరిత్ర

తొలినాటి అసెంబ్లీ భాషలలో ప్రతి ఆదేశానికి కుడివైపున వివరణ వ్రాసుకొనే చోటు ఉండేది. ఆదేశాలు పొడి అక్షరాలుగా, చిరునామాలు అంకెలుగా ఉండడం వలన ఈ వివరణ లేకుండా వ్రాసినవారే కొంతకాలానికి తమ కోడును గుర్తుపట్టలేకపోయేవారు.

ఐబీఎం సంస్థలో జాన్ బాకస్ నాయకత్వంలో తయారై 1957లో విడుదలైన ఫోర్ట్రాన్ భాషలో, పంచ్ కార్డు యొక్క మొదటి నిలువు వరుసలో 'సి' అనే అక్షరం ఉంటే ఆ కార్డు మొత్తం వ్యాఖ్యగా పరిగణించబడేది. ఆల్గాల్ 60 భాషలో వ్యాఖ్యకు ఒక ప్రత్యేక పదం ఉండేది. ఆ పదం తరువాత సెమికోలను వచ్చేవరకు ఉన్నదంతా వ్యాఖ్యే. 1964లో డార్ట్‌మౌత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించిన బేసిక్ భాషలో వ్యాఖ్య 'రెమ్' అనే ఆదేశంతో మొదలవుతుంది.

పీఎల్/1 భాషలో ఉన్న /* మరియు */ గుర్తులను 1970ల ఆరంభంలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష కూడా స్వీకరించింది. మార్టిన్ రిచర్డ్స్ 1967లో తయారుచేసిన బీసీపీఎల్ భాషలోని // గుర్తు మొదట సి భాషలోకి రాలేదు. తరువాత సి++ ద్వారా ప్రాచుర్యం పొంది 1999 నాటి సి ప్రమాణంలో చేరింది.

1984లో డొనాల్డ్ నూత్ 'లిటరేట్ ప్రోగ్రామింగు' అనే పద్ధతిని ప్రతిపాదించాడు. ఇందులో కోడుకు వివరణ జోడించడం కాక, మనుషులకు చెప్పే వ్యాసం ప్రధానంగా ఉండి దాని మధ్యలో కోడు వస్తుంది. నూత్ తన టెక్ అనే ముద్రణ ప్రోగ్రామును ఈ పద్ధతిలో వ్రాసి, దాని పూర్తి కోడును 1986లో పుస్తకంగా ప్రచురించాడు.

వ్రాసే విధానం

వివిధ భాషలలో వ్యాఖ్యలు వ్రాసే పద్ధతులు ముఖ్యంగా రెండు రకాలు.

* వరుస వ్యాఖ్య: ఒక గుర్తుతో మొదలై ఆ వరుస చివర ముగుస్తుంది. పైథాన్, పెర్ల్, యూనిక్స్ షెల్ లిపులలో # గుర్తు, సి++, జావా, జావాస్క్రిప్టులలో // గుర్తు, ఎస్‌క్యూఎల్, ఏడా భాషలలో -- గుర్తు వాడతారు.
* ఖండ వ్యాఖ్య: ఒక గుర్తుతో మొదలై మరొక గుర్తుతో ముగుస్తుంది. ఇది ఎన్ని వరుసలైనా సాగవచ్చు. సి, జావా భాషలలో /* మరియు */ ఇందుకు ఉదాహరణలు.

సి భాషలో ఒక ఖండ వ్యాఖ్యలో మరొక ఖండ వ్యాఖ్యను ఇమడ్చడం కుదరదు. లోపలి వ్యాఖ్య యొక్క ముగింపు గుర్తు వద్దనే బయటి వ్యాఖ్య కూడా ముగిసిపోతుంది. కోడులోని ఒక పెద్ద భాగాన్ని తాత్కాలికంగా వ్యాఖ్యగా మార్చబోయిన విద్యార్థులు ఈ కారణంగా తరచు ఇబ్బంది పడతారు.

కంపైలు చేసే భాషలలో వ్యాఖ్యల వలన ప్రోగ్రాము వేగం తగ్గదు, పరిమాణం పెరగదు. కొద్ది కిలోబైట్ల మెమరీ మాత్రమే ఉన్న 1980ల నాటి ఇంటి కంప్యూటర్లలో మాత్రం బేసిక్ వ్యాఖ్యలు కూడా మెమరీని ఆక్రమించేవి. అందువలన చాలామంది వాటిని తొలగించేవారు. వెబ్ పేజీలలో జావాస్క్రిప్టు కోడు ప్రతి పాఠకుని కంప్యూటరుకూ చేరవలసి ఉంటుంది కనుక, పంపే ముందు వ్యాఖ్యలను తొలగించే ఉపకరణాలను నేటికీ వాడుతున్నారు.

ఎప్పుడు వ్రాయాలి

వ్యాఖ్య అవసరమా కాదా అని తేల్చుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. ఆ వ్యాఖ్యను తీసివేస్తే, కోడును ఎంత జాగ్రత్తగా చదివినా తిరిగి తెలుసుకోలేని విషయం ఏదైనా పోతుందా? పోయేటట్లయితే ఆ వ్యాఖ్య అవసరం. ఈ క్రింది సందర్భాలు సాధారణంగా ఈ పరీక్షలో నెగ్గుతాయి. ఉదాహరణలు పైథాన్ భాషలో ఉన్నవి, పేర్లు మాత్రం తెలుగులో ఇవ్వబడినవి.

కారణం

ఈ క్రింది వ్యాఖ్య కోడును మరొకసారి చెప్పడం తప్ప ఏమీ చేయదు.

    వరుస = వరుస + 1   # వరుసకు ఒకటి కలుపు

అదే కోడుకు ఈ క్రింది వ్యాఖ్య కారణం చెబుతుంది.

    వరుస = వరుస + 1   # మొదటి వరుసలో శీర్షికలు మాత్రమే ఉంటాయి, మార్కులు ఉండవు

మొదటిది ప్రతిపదార్థం, రెండవది తాత్పర్యం. రెండవ వ్యాఖ్య లేకపోతే, ఈ ఆదేశం అనవసరమని భావించి ఎవరైనా తొలగించవచ్చు.

ప్రమాణాలు, హద్దులు

ఒక సంఖ్య సెకన్లా నిమిషాలా, రూపాయలా పైసలా అనేది సంఖ్యను చూస్తే తెలియదు. వీలైతే ప్రమాణాన్ని చరరాశి పేరులోనే చేర్చడం మేలు. పేరులో ఇమడనిది వ్యాఖ్యలో చెప్పాలి.

    నిరీక్షణ_సెకన్లు = 30   # ప్రింటరు సిద్ధం కావడానికి 20 సెకన్లు పట్టవచ్చు; అంతకు తగ్గించరాదు

30 అనే సంఖ్యను మార్చదలచినవారికి ఎంతవరకు మార్చవచ్చో ఈ వ్యాఖ్య వలన తెలుస్తుంది. అలాగే ఒక లెక్క ఏ పరిధిలో సరైనదో చెప్పడం అవసరం. ఉదాహరణకు, తేదీ ఇస్తే వారం చెప్పే ఫంక్షను గ్రెగోరియన్ క్యాలెండరుపై ఆధారపడుతుంది. బ్రిటిషు పాలనలోని ప్రాంతాలలో ఈ క్యాలెండరు 1752 సెప్టెంబరులో అమలులోకి వచ్చింది. ఆ సంవత్సరం సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా లెక్కించారు. పాత బ్రిటిషు దస్తావేజులకు ఈ ఫంక్షనును వాడేవారికి ఈ హద్దు తెలియకపోతే ప్రోగ్రాము ఏ హెచ్చరికా లేకుండా తప్పు జవాబు ఇస్తుంది.

    # గ్రెగోరియన్ క్యాలెండరు ప్రకారం లెక్కిస్తుంది.
    # బ్రిటిషు దస్తావేజులలో 1752 సెప్టెంబరు 14కు ముందరి తేదీలకు వాడరాదు.

వాడేవారికి ఇచ్చే హామీ

ఒక ఫంక్షనును పిలిచేవారు దాని లోపలి కోడును చదవవలసిన అవసరం ఉండకూడదు. ఏమి ఇవ్వాలి, ఏమి తిరిగి వస్తుంది, తప్పుడు విలువ ఇస్తే ఏమవుతుంది అనే విషయాలను ఫంక్షను ఆరంభంలోనే చెప్పాలి. వసతిగృహం బిల్లు కొరకు రెండు తేదీల మధ్య రోజులు లెక్కించే ఫంక్షనుకు ఇటువంటి వ్యాఖ్య వ్రాయవచ్చు.

    # మొదటి తేదీ, చివరి తేదీ రెండింటినీ కలిపి లెక్కిస్తుంది.
    # ఒకే తేదీని రెండుసార్లు ఇస్తే జవాబు 1.
    # చివరి తేదీ మొదటిదానికంటే ముందుంటే జవాబు -1.

ఈ మూడు వాక్యాలు లేకపోతే, ప్రతి విద్యార్థి బిల్లులోనూ ఒక రోజు ఎక్కువో తక్కువో పడే ప్రమాదం ఉంది.

వింతగా కనిపించే కోడు

ఒక గ్రంథాలయంలోని లోపాన్ని తప్పించుకోవడానికో, ఒక పాత యంత్రంతో సరిపడడానికో కొన్నిసార్లు చుట్టుతిరుగుడు కోడు వ్రాయవలసి వస్తుంది. కారణం చెప్పకపోతే తరువాత వచ్చినవారు దానిని సరళం చేస్తారు. దానితో పాత లోపం తిరిగి వస్తుంది. ఏ లోపం కొరకు వ్రాయబడింది, ఏ పరిస్థితిలో దీనిని తొలగించవచ్చు అనే రెండు విషయాలూ చెప్పడం ఉత్తమం.

మూలం

గణిత సూత్రం, ప్రభుత్వ ఉత్తర్వు, పన్ను నియమం, ప్రచురిత పద్ధతి మొదలైనవాటి ఆధారంగా వ్రాసిన కోడుకు ఆ మూలాన్ని పేర్కొనాలి. నియమం మారినపుడు కోడులో ఏ భాగం మార్చాలో దీనివలన తెలుస్తుంది.

అసంపూర్తి పని

మిగిలిపోయిన పనిని గుర్తించడానికి 'టూడూ', సరిచేయవలసిన లోపానికి 'ఫిక్స్‌మీ' అనే గుర్తుమాటలు వాడుకలో ఉన్నవి. చాలా ఎడిటర్లు వీటిని వెదికి జాబితాగా చూపగలవు. ఏమి మిగిలింది, ఎందుకు మిగిలింది అని చెప్పని గుర్తుమాట వలన ప్రయోజనం లేదు.

ఎలా వ్రాయాలి

* ముందు కోడును సరిచేయాలి. అర్థంకాని పేరుకు వివరణ వ్రాయడం కంటే ఆ పేరును మార్చడం మేలు. చెడ్డ కోడుకు వ్యాఖ్య వ్రాయవద్దు, తిరిగి వ్రాయమని బ్రయన్ కెర్నిఘన్, పి. జె. ప్లాగర్ 1974లో ప్రచురించిన ప్రోగ్రామింగు శైలి గ్రంథంలో సూచించారు.
* వ్యాఖ్య తాను వివరించే కోడుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. దూరంగా ఉన్న వ్యాఖ్యను కోడు మార్చేవారు గమనించరు.
* పూర్తి వాక్యాలలో, తటస్థమైన మాటలలో వ్రాయాలి. వ్రాసినవారికి మాత్రమే తెలిసిన పొడి అక్షరాలు, పరిహాసాలు తరువాతి పాఠకునికి ఉపయోగపడవు.
* నిర్ణయం తీసుకొన్న సమయంలోనే వ్రాయాలి. పని పూర్తయిన తరువాత వ్రాద్దామని వాయిదా వేస్తే, వదిలివేసిన మార్గాలు, వాటి కారణాలు జ్ఞాపకం ఉండవు.
* కోడు మార్చినపుడు, దానితో పాటు వ్యాఖ్యను కూడా అదే మార్పులో సరిచేయాలి.
* ఎవరు, ఎప్పుడు మార్చారు అనే చరిత్రను వ్యాఖ్యలలో పేర్చుకోనవసరం లేదు. 2005లో మొదలైన గిట్ వంటి సంచిక నియంత్రణ వ్యవస్థలు ఈ వివరాలను భద్రపరుస్తాయి. ఒక మార్పు యొక్క కారణం ఆ మార్పు సందేశంలో ఉండవచ్చు. కోడును మార్చబోయే ప్రతివారికీ తప్పనిసరిగా కనబడవలసిన కారణం మాత్రం కోడులోనే ఉండాలి.

పాతబడిన వ్యాఖ్య

వ్యాఖ్యల వలన కలిగే ప్రధానమైన ప్రమాదం, కోడు మారినా వ్యాఖ్య మారకుండా ఉండిపోవడం.

    # ఉత్తీర్ణతకు 40 మార్కులు రావాలి
    ఉత్తీర్ణత = 35

ఇక్కడ నియమం 40 నుండి 35కు మారిందా, లేక కోడులో పొరపాటు జరిగిందా అనేది చదివేవారు తేల్చలేరు. వ్యాఖ్య అసలే లేకపోతే కనీసం ఈ సందేహం కలగదు. గ్విడో వాన్ రాసమ్ తదితరులు 2001లో రూపొందించిన పైథాన్ శైలి మార్గదర్శి అయిన 'పెప్ 8' కూడా, కోడుకు విరుద్ధమైన వ్యాఖ్య కంటే వ్యాఖ్య లేకపోవడమే నయమని చెబుతుంది. ఈ ఉదాహరణలో మేలైన వ్యాఖ్య సంఖ్యను తిరిగి చెప్పదు. ఆ సంఖ్య ఏ నియమం నుండి వచ్చిందో చెబుతుంది.

ప్రసిద్ధ ఉదాహరణలు

ఏరియాన్ 5 ప్రమాదం

1996 జూన్ 4న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి ప్రయోగించిన ఏరియాన్ 5 రాకెట్టు తన మొదటి ప్రయాణంలోనే, సుమారు 40 సెకన్లకు దారి తప్పి పేలిపోయింది. దానిలోని నాలుగు క్లస్టర్ శాస్త్రీయ ఉపగ్రహాలు కూడా నాశనమయ్యాయి. రాకెట్టు దిశను, కదలికను కొలిచే వ్యవస్థలోని సాఫ్టువేరును అంతకుముందరి ఏరియాన్ 4 నుండి తీసుకొన్నారు. అందులో రాకెట్టు యొక్క అడ్డవేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ సంఖ్య నుండి 16 బిట్ల పూర్ణ సంఖ్యగా మార్చే ఆదేశం ఉంది. 16 బిట్లలో ఇమిడే గరిష్ఠ విలువ 32,767. ఏరియాన్ 5 అడ్డవేగం ఎక్కువ కావడం వలన విలువ ఆ హద్దును మించింది. ఫలితంగా ప్రధాన వ్యవస్థ, దానికి తోడుగా ఉన్న ప్రత్యామ్నాయ వ్యవస్థ రెండూ ఆగిపోయాయి.

ఇటువంటి ప్రమాదం ఉన్న ఏడు చరరాశులను రూపకర్తలు ముందే గుర్తించారు. కంప్యూటరుపై పనిభారం 80 శాతం మించకూడదన్న లక్ష్యం ఉండడంతో నాలుగింటికి మాత్రమే రక్షణ కల్పించారు. మిగిలిన మూడింటి విలువలు భౌతికంగా హద్దు దాటవని, లేదా హద్దుకు చాలా దూరంలో ఉంటాయని భావించారు. ఏరియాన్ 4 ప్రయాణ మార్గానికి ఈ తర్కం సరైనదే. ప్రమాదంపై విచారణ జరిపిన సంఘం తన నివేదికలో, ఈ నిర్ణయానికి గల సమర్థన సోర్సు కోడులో నేరుగా ఎక్కడా కనబడలేదని పేర్కొన్నది. అపారమైన దస్తావేజుల మధ్య ఆ ఊహ, ఉద్దేశపూర్వకంగా కాకపోయినా, బయటి సమీక్షకులకు కనబడకుండా పోయిందని కూడా తెలిపింది.

ఏరియాన్ 5 ప్రయాణ మార్గపు వివరాలతో ఈ వ్యవస్థను పరీక్షించకపోవడం వంటి ఇతర కారణాలు కూడా ఈ ప్రమాదానికి ఉన్నవి. కేవలం ఒక వ్యాఖ్య ఉండి ఉంటే ప్రమాదం తప్పేదని చెప్పలేము. అయితే ఒక కోడు ఏ పరిస్థితులలో సరైనదో ఆ కోడు పక్కనే వ్రాయకపోతే, దానిని మరొక చోటికి తీసుకువెళ్ళేవారికి ఆ షరతు అందదని ఈ ఘటన స్పష్టం చేస్తుంది.

డెబియన్ తాళాల లోపం

2008 మే 13న డెబియన్ ప్రాజెక్టు తన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో తీవ్రమైన భద్రతా లోపం ఉన్నట్లు ప్రకటించింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కోడులో యాదృచ్ఛిక సంఖ్యల తయారీకి సంబంధించి ఒకే విధంగా కనిపించే రెండు ఆదేశాలు రెండు చోట్ల ఉండేవి. విలువ నింపని మెమరీని చదువుతున్నారని తనిఖీ ఉపకరణాలు వీటిపై హెచ్చరికలు చూపేవి. రెండింటిలో ఒకదాని పక్కన, తనిఖీ ఉపకరణం దీనిపై ఫిర్యాదు చేస్తుందన్న చిన్న వ్యాఖ్య ఉండేది. రెండవదాని పక్కన ఏ వ్యాఖ్యా లేదు. వాస్తవానికి యాదృచ్ఛికతకు కావలసిన ముడిసరుకు అంతా ఈ రెండవ ఆదేశం ద్వారానే లోపలికి చేరుతుంది.

2006లో డెబియన్ ప్యాకేజీలో ఈ రెండు ఆదేశాలనూ వ్యాఖ్యలుగా మార్చి పనిచేయకుండా చేశారు. విలువ నింపని సమాచారాన్ని కలపరాదని అక్కడ కారణం కూడా వ్రాశారు. రెండవ ఆదేశం విషయంలో ఆ కారణం తప్పు. దానితో తాళపుచెవుల తయారీలో మారుతూ ఉండే అంశం ప్రాసెసు సంఖ్య ఒక్కటే మిగిలింది. ఒక్కొక్క రకానికి, పరిమాణానికి సుమారు 32 వేల తాళపుచెవులు మాత్రమే సాధ్యమయ్యాయి. వాటన్నిటినీ ముందుగానే లెక్కించి పెట్టుకోవడం ఎవరికైనా సులభం. డెబియన్‌పై, దాని ఆధారంగా తయారైన ఉబుంటు వంటి వ్యవస్థలపై ఆ కాలంలో తయారైన తాళపుచెవులను మార్చుకోవలసి వచ్చింది. మొదటి ఆదేశం పక్కనున్న వ్యాఖ్య ఉపకరణం యొక్క ఫిర్యాదును చెప్పింది. రెండవ ఆదేశం ఎందుకు ఉన్నదో, తీసివేస్తే ఏమి పోతుందో మాత్రం ఎక్కడా చెప్పబడలేదు.

యూనిక్స్ ఆరవ కూర్పు

1975లో వెలువడిన యూనిక్స్ ఆరవ కూర్పులో, ఒక ప్రాసెసు నుండి మరొక ప్రాసెసుకు మారే కోడు వద్ద, ఇది మీకు అర్థం కావాలని ఎవరూ ఆశించడం లేదన్న భావం గల వ్యాఖ్య ఉంది. ఇది పాఠకులను చిన్నబుచ్చడానికి వ్రాసినది కాదనీ, ఈ భాగం పరీక్షలో అడగరన్న ధోరణిలో వ్రాసినదనీ డెన్నిస్ రిచీ తరువాత వివరించాడు. అసలు సమస్య ఏమిటంటే, అక్కడ జరుగుతున్నది తమకు కూడా పూర్తిగా అర్థం కాలేదని ఆయన అంగీకరించాడు. పీడీపీ-11 యంత్రంపై పనిచేసిన ఆ పద్ధతి వేరొక యంత్రానికి మార్చినపుడు పనిచేయలేదు. ఒక కోడుకు సరైన వ్యాఖ్య వ్రాయలేకపోవడం, ఆ కోడులోనే లోపం ఉన్నదనడానికి సూచన కావచ్చు.

ఇదే కూర్పుకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జాన్ లయన్స్ 1976-77లో తన విద్యార్థుల కొరకు పూర్తి వ్యాఖ్యానం వ్రాశాడు. దాని ఫోటోకాపీలు అనేక దేశాలలో విద్యార్థుల చేతులు మారాయి.

క్వేక్ 3

1999లో విడుదలైన క్వేక్ 3 వీడియో ఆట సోర్సు కోడును 2005లో బహిరంగపరిచారు. అందులో వర్గమూలపు విలోమాన్ని అతివేగంగా లెక్కించే చిన్న ఫంక్షను ఉంది. దీనిలో 1597463007 అనే స్థిరాంకం (కోడులో షోడశాంశ రూపంలో ఉన్నది) వస్తుంది. దాని పక్కనున్న వ్యాఖ్యలు ఆశ్చర్యాన్ని వ్యక్తపరుస్తాయి తప్ప, ఆ సంఖ్య ఎక్కడినుండి వచ్చిందో చెప్పవు. దానిని వివరించడానికి తరువాత గణితజ్ఞులు ప్రత్యేకంగా పరిశోధన పత్రాలు వ్రాయవలసి వచ్చింది.

భిన్నాభిప్రాయాలు

వ్యాఖ్యలు ఎంతవరకు అవసరమన్న విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. వ్యాఖ్య వ్రాయాలని అనిపించినపుడు, ముందుగా దాని అవసరం లేకుండా కోడును మార్చడానికి ప్రయత్నించాలని మార్టిన్ ఫౌలర్ 1999లో వెలువడిన 'రీఫాక్టరింగు' గ్రంథంలో సూచించాడు. రాబర్ట్ మార్టిన్ 2008లో 'క్లీన్ కోడ్' గ్రంథంలో మరింత ముందుకు వెళ్ళి, కోడు ద్వారా భావాన్ని చెప్పలేకపోయినపుడే వ్యాఖ్య అవసరమవుతుందని వాదించాడు. దీనికి భిన్నంగా జాన్ ఔస్టర్‌హౌట్ 2018లో ప్రచురించిన సాఫ్టువేరు రూపకల్పన గ్రంథంలో, రూపకర్త మనసులో ఉండి కోడులో చెప్పలేని విషయాలు చాలా ఉంటాయనీ, వ్యాఖ్యలను కోడు కంటే ముందే వ్రాయడం వలన రూపకల్పన మెరుగవుతుందనీ వాదించాడు.

ఈ వాదనలలో విభేదం ముఖ్యంగా వ్యాఖ్యల పరిమాణం గురించినది. కోడును తిరిగి చెప్పే వ్యాఖ్య పనికిరాదన్న విషయంలో మాత్రం అందరూ ఏకీభవిస్తారు. కోడు వ్రాసి ఇచ్చే కృత్రిమ మేధ ఉపకరణాలు 2021 తరువాత వ్యాప్తిలోకి రావడంతో వ్యాఖ్యలకు మరొక ఉపయోగం కలిగింది. ప్రోగ్రామరు వ్రాసిన వ్యాఖ్యను చదివి ఈ ఉపకరణాలు కోడును సూచిస్తాయి. ఇవి వ్యాఖ్యలను కూడా వ్రాయగలవు. అయితే కోడును మాత్రమే చూసి వ్రాసిన వ్యాఖ్య, కోడులో ఉన్నదానినే చెప్పగలదు. నిర్ణయం వెనుక ఉన్న కారణం ఆ నిర్ణయం తీసుకొన్నవారు చెబితేనే తెలుస్తుంది.

ఉపకరణాలు

1990ల మధ్యలో జావాతో పాటు వచ్చిన జావాడాక్, 1997లో డిమిట్రి వాన్ హీష్ విడుదల చేసిన డాక్సిజన్ వంటి ఉపకరణాలు, నిర్ణీత రూపంలో వ్రాసిన వ్యాఖ్యల నుండి వాడకందార్ల కొరకు వివరణ పుటలను తయారుచేస్తాయి. పైథాన్‌లో ఫంక్షను ఆరంభంలో వ్రాసే 'డాక్‌స్ట్రింగు' ప్రోగ్రాము నడుస్తున్నపుడు కూడా అందుబాటులో ఉంటుంది. కనుక సాంకేతికంగా అది వ్యాఖ్య కాదు.

కొన్ని వ్యాఖ్యలను యంత్రాలు కూడా చదువుతాయి. యూనిక్స్ లిపుల మొదటి వరుసలో #! తో మొదలయ్యే వ్యాఖ్య, ఆ లిపిని ఏ ప్రోగ్రాము నడపాలో చెబుతుంది. జేసన్ అనే సమాచార రూపంలో, కొందరు వ్యాఖ్యలలో యంత్రాలకు ఆదేశాలు వ్రాయడం గమనించి, దాని రూపకర్త డగ్లస్ క్రాక్‌ఫర్డ్ వ్యాఖ్యల సదుపాయాన్నే తొలగించాడు.

భద్రత

సంకేతపదాలను, రహస్య చిరునామాలను వ్యాఖ్యలలో వ్రాయరాదు. హెచ్‌టీఎంఎల్ పేజీలోని వ్యాఖ్య తెరపై కనబడకపోయినా, పేజీ మూలాన్ని తెరచిన ప్రతివారికీ కనబడుతుంది. సంచిక నియంత్రణలో ఉన్న ఫైలు నుండి తరువాత తొలగించినా, పాత కూర్పులలో ఆ రహస్యం ఉండిపోతుంది. 2021లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు, కుడి నుండి ఎడమకు వ్రాసే లిపుల కొరకు యూనికోడ్‌లో ఉన్న కనబడని గుర్తులను వ్యాఖ్యలలో చొప్పించి, సమీక్షకులకు ఒక విధంగా, కంపైలరుకు మరొక విధంగా కనిపించే కోడు వ్రాయవచ్చని నిరూపించారు.

తెలుగులో వ్యాఖ్యలు

తెలుగు లిపి 1991 నాటి యూనికోడ్ మొదటి సంచికలోనే చేరింది. వ్యాఖ్యలో ఏముందో కంపైలరు పరిశీలించదు కనుక, యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచిన ఫైలులో తెలుగు వ్యాఖ్యలు వ్రాయడానికి నేటి ప్రధాన భాషలలో అడ్డంకి లేదు. 2008లో విడుదలైన పైథాన్ 3 యూటీఎఫ్-8ను సహజంగా స్వీకరిస్తుంది. అందులో చరరాశుల పేర్లను కూడా తెలుగులో ఇవ్వవచ్చు. వేరొక ఎన్‌కోడింగులో ఫైలును తెరిస్తే మాత్రం తెలుగు అక్షరాలు చెదిరిపోయి కనిపిస్తాయి.

భాష ఎంపిక పాఠకులపై ఆధారపడుతుంది. వివిధ ప్రాంతాలవారు పనిచేసే ప్రాజెక్టులలో సాధారణంగా ఇంగ్లీషు వాడతారు. తమ భాష తెలియనివారు ఆ కోడును ఎన్నటికీ చదవరన్న నమ్మకం లేకపోతే ఇంగ్లీషులోనే వ్రాయాలని పెప్ 8 కూడా సూచిస్తుంది. తరగతి గదిలో, తెలుగు మాధ్యమ విద్యార్థుల అభ్యాసాలలో మాత్రం పరిస్థితి వేరు. ఒక ఆదేశం ఎందుకు వ్రాశారో సొంత భాషలో ఒక వాక్యంగా వ్రాయగలిగిన విద్యార్థికి ఆ కోడు అర్థమైనట్లే. వ్రాయలేకపోతే ఏ భాగాన్ని మరల చదవాలో దానివలన తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* సోర్సు కోడు
* కంపైలరు
* ప్రోగ్రామింగు భాష
* సి (ప్రోగ్రామింగు భాష)
* యూనికోడ్